హాకీ స్టిక్ కొంటున్నారా? ముందు మీ గ్రౌండ్ చూడండి

ఈ ఎపిసోడ్ హాకీ ఆడేవాళ్ళ కోసం, ఇప్పుడిప్పుడే మొదలుపెడదాం అనుకుంటున్నవాళ్ళ కోసం, ఇంకా పిల్లలకి స్టిక్ కొనిపెట్టే అమ్మానాన్నల కోసం. విషయం ఒక్కటే. స్టిక్ కొనేటప్పుడు దాని షాఫ్ట్, అంటే పొడవాటి కర్ర భాగం, ఎలాంటిది తీసుకోవాలి? కింద కొడవలిలా వంపు తిరిగిన హెడ్ ఎలాంటిది తీసుకోవాలి? మన చేతికి ఏది కుదురుతుంది?

2021లో టోక్యోలో మన అబ్బాయిలు కాంస్యం తెచ్చారు. ఒలింపిక్స్ హాకీలో మనకి 41 ఏళ్ళ తర్వాత వచ్చిన పతకం అది. 2024లో పారిస్‌లో మళ్ళీ కాంస్యం. పారిస్‌లో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ 10 గోల్స్ కొట్టాడు, ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ. పెనాల్టీ కార్నర్‌లో అతను బంతిని స్టిక్ మీద లాగి విసిరే డ్రాగ్ ఫ్లిక్ చూశాక ఎవరికైనా ఏమనిపిస్తుంది? నాకూ అలాంటి స్టిక్ కావాలి అనిపిస్తుంది. సహజమే కదా.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అలాంటి స్టిక్ తొంభై శాతం పైన కార్బన్‌తో, చాలా కిందికి వంపు పెట్టి, నీళ్ళు చల్లిన టర్ఫ్ మీద ఆడేవాడి కోసం చేసింది. మనలో చాలామంది ఆడేది ఎక్కడ? స్కూల్ గ్రౌండ్. మొరం నేల. మధ్యలో ఒక రాయి, అక్కడో గుంట. పదిహేను వేలు పెట్టి తెచ్చిన స్టిక్ హెడ్ నెల రోజుల్లో గీతలుపడి, అంచులు లేచిపోతుంది. అది ఒక నష్టం. రెండోది ఇంకా పెద్దది. స్టిక్ సరిపోకపోతే దానికి తగ్గట్టు మన ఒళ్ళు మారుతుంది. నడుం అతిగా వంచడం, మణికట్టు బిగబట్టడం, బంతిని ఆపాల్సిన చోట కొట్టడం. ఏడాది పాటు అలా అలవాటైతే తర్వాత ఏ కోచ్ వచ్చినా దాన్ని వదిలించడానికి ఇంకో ఏడాది పడుతుంది.

అందుకే ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పేది ఒకటే మాట. స్టిక్ కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. వారంలో ఎక్కువ రోజులు నేను ఏ నేల మీద ఆడతాను? ఈరోజు నా మణికట్టులో ఎంత బలం ఉంది? మిగతావన్నీ ఈ రెండిటి నుంచే వస్తాయి.

మొదట ఒక చిన్న హెచ్చరిక. ఫోన్‌లో హాకీ స్టిక్ సైజు అని వెతికితే చాలాసార్లు ఐస్ హాకీ చార్టులు వస్తాయి. స్టిక్ గడ్డం దాకా రావాలి, ముక్కు దాకా రావాలి అని ఉంటుంది. అది మంచు మీద ఆడే ఆట. మనం నేల మీద ఆడే హాకీకి ఆ కొలత పట్టుకుని కొంటే తోటలో కాయలు కోసుకునే గెడకర్ర వస్తుంది. ఐస్ హాకీ గురించి చివర్లో కొంచెం చెప్తాను, అమెరికా, కెనడా నుంచి చూస్తున్న మనవాళ్ళకి పనికొస్తుంది. ఇప్పుడు మాత్రం నేల మీది హాకీ.

సరే, స్టిక్‌ని చేతిలోకి తీసుకోండి. ఎడమవైపు చదునుగా ఉంటుంది, కుడివైపు గుండ్రంగా ఉంటుంది. బంతిని చదును వైపుతోనే ఆడాలి, గుండ్రటి వైపు తగిలితే ఫౌల్. చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. నాది ఎడమచేతి వాటం, నాకు వేరే స్టిక్ ఉంటుందా అని. ఉండదు. నేల మీది హాకీలో అందరికీ ఒకే రకం. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. ఇందులో ఎడమచేతి వాటం వాళ్ళు బాధపడాల్సింది ఏమీ లేదు. స్టిక్‌ని తిప్పేది పైన ఉన్న ఎడమ చెయ్యే. బంతిని కుడికీ ఎడమకీ మార్చుకుంటూ స్టిక్ తిప్పే ఆ పనితనానికి ప్రపంచమంతా పెట్టిన పేరు ఇండియన్ డ్రిబుల్. దానికి అసలు కష్టపడేది ఎడమ మణికట్టు.

ఇప్పుడు పొడవు. నిటారుగా నిలబడండి, ఆడేటప్పుడు వేసుకునే షూ వేసుకోండి. స్టిక్‌ని కాలి పక్కన నిలువుగా పెట్టండి, హెడ్ కింద నేలకి ఆనాలి. పైకొస నడుం పక్కన తగిలే తుంటి ఎముక దగ్గరికి వస్తే సరిపోయినట్టే. ఇంకో పద్ధతి కూడా ఉంది. స్టిక్‌ని తలకిందులు చేసి హెడ్‌ని చంకలో పెట్టుకుని, కర్రని శరీరం ముందు నిలువుగా కిందికి వదలండి. కొస మోకాలి చిప్ప దగ్గర ఆగాలి. రెండు పద్ధతులకీ అంగుళం తేడా రావచ్చు, కంగారు పడొద్దు. ఆ అంగుళం మీ ఇష్టం.

అంకెల్లో చెప్పాలంటే, పెద్దవాళ్ళకి ఎక్కువగా అమ్ముడుపోయేది 36.5 అంగుళాల స్టిక్. ఐదున్నర అడుగుల చుట్టూ ఉన్నవాళ్ళకి అది హాయిగా సరిపోతుంది. ఆరడుగులు దాటినవాళ్ళు 37.5 చూడొచ్చు. పిల్లలకి 28 అంగుళాలవి కూడా దొరుకుతాయి. నాలుగున్నర అడుగుల పిల్లకి సుమారు 32, ఐదడుగులకి 34 లేదా 35. రూల్ ప్రకారం ఎవరి స్టిక్ అయినా 105 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇక్కడ అమ్మానాన్నలకి ఒక మాట. మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది. పిల్లాడు ఎదుగుతాడు కదా అని చొక్కా రెండు సైజులు పెద్దది కొంటాం, చేతులు మడిచి వేస్తాం. వచ్చే ఏడాదికి సరిపోతుంది. స్టిక్ విషయంలో మాత్రం అలా చెయ్యొద్దు. స్టిక్‌ని మడవలేం. పెద్ద స్టిక్ పట్టుకున్న పిల్లాడు ఏం చేస్తాడంటే, పైకొస పొట్టలో గుచ్చుకోకుండా రెండు చేతుల్నీ కిందికి జరుపుకుంటాడు. ఎడమ చెయ్యి ఉండాల్సిన చోట ఉండదు. స్టిక్ తిరగదు. బంతి కాలికి దగ్గరగా వచ్చేస్తుంది. మరీ చిన్న స్టిక్ అయితే దానికి వ్యతిరేకం, గంటసేపు నడుం విల్లులా వంచి పరిగెత్తాలి. ప్రాక్టీస్ అయ్యాక రోజూ నడుం పట్టేస్తుందంటే ముందు స్టిక్ పొడవు చూడండి. ఎదిగే వయసులో పిల్లకి ఖరీదైన స్టిక్ ఒక్కటి కొనే బదులు, సరిపోయే మామూలు స్టిక్ కొని ఏడాదిన్నరకి మార్చడం మేలు. చిన్నదైపోయింది స్కూల్లో జూనియర్‌కి పనికొస్తుంది.

తర్వాత బరువు. రూల్‌బుక్‌లో గరిష్ఠం 737 గ్రాములు. ఇప్పటి కాంపోజిట్ స్టిక్‌లు అంత బరువు ఉండవు, ఎక్కువ భాగం 510 నుంచి 560 గ్రాముల మధ్య ఉంటాయి. ముప్పై గ్రాముల తేడా ఎంత అనుకుంటాం. కానీ ఆ బరువు పట్టు దగ్గర ఉంటే తెలియదు, హెడ్ దగ్గర ఉంటే రెండో హాఫ్‌లో తెలుస్తుంది. అందుకే కాటా మీద అంకె చూసి ఆగిపోకండి. షాపులోనే ఈ చిన్న పరీక్ష చెయ్యండి. ఎడమ చేత్తో మాత్రమే పైకొస పట్టుకుని, హెడ్‌ని నేలకి కాస్త పైన పెట్టి, ముందుకీ వెనక్కీ ఇరవైసార్లు గబగబా తిప్పండి. పదిహేనోసారికే మణికట్టు లాగుతుంటే, హెడ్ తడబడుతుంటే, అది ఈరోజుకి మీ స్టిక్ కాదు. తేలికది అడగండి, లేదా అదే బరువులో బ్యాలెన్స్ పైకి ఉన్నది అడగండి. ఫార్వర్డ్‌లు సాధారణంగా తేలికవి ఇష్టపడతారు. డిఫెండర్లు కాస్త బరువున్నవి తీసుకుంటారు, ఎదుటివాడి గట్టి కొట్టుడుకి స్టిక్ వెనక్కి పోకుండా నిలబడాలి కాబట్టి.

ఇప్పుడు షాఫ్ట్ దేనితో చేశారు అన్నది. ఒకప్పుడు అంతా చెక్కే. మన దగ్గర హెడ్‌కి మల్బరీ కర్ర వాడేవాళ్ళు, అదే పట్టుపురుగులకి ఆకు వేసే చెట్టు. గట్టిది, వంచితే విరక్కుండా వంగుతుంది. పిడిలో పేము, మధ్యలో సన్నగా రబ్బరు. 1928 నుంచి 1956 దాకా మనవాళ్ళు వరసగా ఆరు ఒలింపిక్ బంగారాలు కొట్టింది చెక్క స్టిక్‌లతోనే. ధ్యాన్‌చంద్ కర్రలో అయస్కాంతం ఉందేమోనని విరిచి చూశారని ఒక కథ చెప్తారు, మీరూ వినే ఉంటారు. కథ ఎంతవరకు నిజమో పక్కన పెట్టండి. విరిచినా లోపల దొరికేది చెక్కే కదా.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి ఆట కృత్రిమ టర్ఫ్ మీదికి మారింది. అక్కడ మనం ఏడో స్థానంలో ఆగిపోయాం. నేల చదునైపోయింది, బంతి వేగం పెరిగింది, గట్టిగా కొట్టగలిగినవాడికి లాభం పెరిగింది. తర్వాత మెల్లగా చెక్క స్థానంలో కాంపోజిట్ వచ్చింది. కాంపోజిట్ అంటే కార్బన్ పోగులు, గాజు పోగులు, కొన్నిట్లో అరామిడ్ పోగులు, వీటన్నిటినీ రెజిన్‌లో తడిపి, అచ్చులో పెట్టి, వేడిచేసి గట్టిపరిచిన స్టిక్.

షాపులో మీకు వినిపించే మాట కార్బన్ శాతం. నలభై, డెబ్బై, తొంభై అయిదు. శాతం పెరిగేకొద్దీ స్టిక్ బిర్రుగా ఉంటుంది. కొట్టినప్పుడు షాఫ్ట్ తక్కువ వంగుతుంది, కాబట్టి మీ బలం ఎక్కువగా బంతికి వెళ్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ బిర్రుదనం రెండు వైపులా పనిచేస్తుంది. వేగంగా వచ్చే బంతిని ఆపాలనుకోండి. తక్కువ కార్బన్ స్టిక్ ఆ దెబ్బని కాస్త తనలోకి తీసుకుంటుంది, బంతి దగ్గరే ఆగుతుంది. తొంభై అయిదు శాతం స్టిక్‌కి తగిలిన బంతి, మీ చేతులు మెత్తగా లేకపోతే, గోడకి కొట్టినట్టు ఎగిరి ఎదుటివాడి దగ్గరికి పోతుంది. చేతికి అదురు కూడా ఎక్కువ తెలుస్తుంది, సరిగ్గా మధ్యలో తగలకపోతే మరీ.

కాబట్టి మొదటి ఏడాది, రెండో ఏడాది ఆడేవాళ్ళు ముప్పై, నలభై శాతం లోపు కార్బన్ ఉన్నది తీసుకోండి. జిల్లా స్థాయి ఆడుతూ, బంతి ఆపడం చేతికి వచ్చేసినవాళ్ళు యాభై నుంచి డెబ్బై. ఆ పైన అంటే, రోజూ టర్ఫ్ మీద ఆడుతున్నవాళ్ళకి, కోచ్ చెప్పినప్పుడు. మంచి చెక్క స్టిక్ దొరికితే పిల్లలకి అది కూడా తక్కువేమీ కాదు. మొదటి రెండేళ్ళు నేర్చుకోవాల్సింది ఆపడం, నెట్టడం, తిప్పడం. మెత్తటి స్టిక్ మీదే అవి బాగా వస్తాయి.

ఇప్పుడు అందరూ పొరబడే చోటుకి వచ్చాం. బో, అంటే షాఫ్ట్‌లో ఉండే వంపు. స్టిక్‌ని చదును వైపు కిందికి పెట్టి టేబుల్ మీద పడుకోబెట్టండి. మధ్యలో విల్లులా లేస్తుంది కదా, ఆ ఖాళీయే బో. రూల్ ప్రకారం అది 25 మిల్లీమీటర్లు దాటకూడదు. వంపు బాగా ఎత్తుగా ఉన్న చోటు కింది కొస నుంచి కనీసం 200 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. స్కూల్ స్కేలు చాలు కొలవడానికి.

వంపు ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టి స్టిక్ స్వభావం మారుతుంది. షాఫ్ట్ మధ్యకి దగ్గరగా, ఇరవై మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే స్టాండర్డ్ బో. కాస్త కిందికి, కాస్త ఎక్కువగా ఉంటే మిడ్ బో. పూర్తిగా కిందికి దిగి, 200 మిల్లీమీటర్ల హద్దు దగ్గర, దాదాపు 25 మిల్లీమీటర్ల ఎత్తుతో ఉంటే లో బో. డ్రాగ్ ఫ్లిక్ వేసేవాళ్ళు వాడేది ఇదే.

ఎందుకు వాడతారో అర్థమైతే మనకి అవసరమో కాదో కూడా అర్థమవుతుంది. పెనాల్టీ కార్నర్‌లో మొదటి షాట్‌ని స్టిక్ ఊపి కొడితే, బంతి గోల్ గీత దాటేటప్పుడు 460 మిల్లీమీటర్ల కంటే ఎత్తులో ఉండకూడదు. అంటే గోల్ అడుగున ఉండే చెక్క పలక ఎత్తు. అదే ఫ్లిక్ చేస్తే ఆ హద్దు లేదు, పై మూలకి కూడా వెయ్యొచ్చు. అందుకే బంతిని షాఫ్ట్ కింది భాగంలో పట్టుకుని, వంపులో దొర్లించి, ఒడిసెలలో రాయిలా వదిలే పద్ధతి ఇంత ముఖ్యమైంది. ఆ దొర్లే దారి కోసమే లో బో.

మరి మామూలుగా కొట్టేటప్పుడు ఏమవుతుంది? బంతికి తగిలే క్షణంలో లో బో స్టిక్ ముఖం కాస్త పైకి తెరుచుకుని ఉంటుంది. చేతుల్ని ముందుకి తీసుకెళ్ళి సరిచేసుకోవడం రాకపోతే బంతి నేల విడిచి లేస్తుంది. హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, రాయిలా గట్టిగా ఉంటుంది. స్కూల్ గ్రౌండ్‌లో అసలే బంతి రాయికి తగిలి లేస్తుంది. దానికి లో బో తోడైతే అది మీ టీమ్ కుర్రాడి మోకాలికో మొహానికో తగలొచ్చు. అంపైర్ ఫౌల్ ఇవ్వడం తర్వాత సంగతి, ముందు పోయేది పళ్ళు. టీమ్‌లో డ్రాగ్ ఫ్లిక్ బాధ్యత మీది కాకపోతే లో బో తీసుకోకండి. స్టాండర్డ్ గానీ మిడ్ బో గానీ తీసుకోండి. మిడ్ బోతో కూడా బంతిని చక్కగా లేపొచ్చు, కొంచెం డ్రాగ్ కూడా చెయ్యొచ్చు.

షాఫ్ట్ అయిపోయింది, ఇప్పుడు హెడ్. షాపుల్లో నాలుగు పేర్లు వింటారు. షార్టీ, మిడి, మాక్సి, హుక్.

షార్టీ చిన్న హెడ్. గబుక్కున తిరుగుతుంది. బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోయే ఫార్వర్డ్‌లకి బాగుంటుంది. బంతిని ఆపడానికి మాత్రం తక్కువ చోటు ఉంటుంది. మిడి దానికంటే కాస్త పొడవు. తిరగడం, ఆపడం, కొట్టడం మూడూ సమంగా వస్తాయి. ఇప్పుడు ఎక్కువమంది చేతిలో కనిపించేది ఇదే. మాక్సి ఇంకా వెడల్పు, ఆపడానికీ, రివర్స్ స్టిక్‌తో కొట్టడానికీ ఎక్కువ చోటు. డిఫెండర్లకి మంచిది, తిప్పడం కాస్త నిదానం. హుక్ అంటే కొస బాగా పైకి లేచి గాలంలా ఉంటుంది. బంతి లోపల కూర్చుంటుంది, రివర్స్‌లో ఆపడం తేలిక, డ్రాగ్ చేసేవాళ్ళకీ ఇష్టం. ఏ హెడ్ అయినా లేచిన కొస 100 మిల్లీమీటర్లు దాటకూడదు. స్టిక్ మొత్తం 51 మిల్లీమీటర్ల వలయంలోంచి దూరాలి. మ్యాచ్‌ల దగ్గర అధికారులు ఆ వలయం పెట్టి చూస్తారు.

మరి మొరం గ్రౌండ్‌లో ఆడేవాళ్ళకి ఏది? మిడి, లేదంటే మాక్సి. కారణం సింపుల్. గతుకుల నేల మీద బంతి ఎటు లేస్తుందో చివరి క్షణం దాకా తెలియదు. ఆపడానికి ఎంత చోటు ఉంటే అంత మంచిది. షార్టీతో ఆపడం చదునైన టర్ఫ్ మీద తేలిక, మన గ్రౌండ్‌లో అదృష్టం. ఇంకో జాగ్రత్త, హెడ్ కింది అంచుకి టేప్ చుట్టండి. టేప్ రూల్స్‌లో ఉన్నదే, కాకపోతే నున్నగా ఉండాలి, మందం పెరిగి 51 మిల్లీమీటర్ల వలయం దాటకూడదు. టేప్ అరిగితే మారుస్తాం, హెడ్ అరిగితే మార్చలేం. వీలైతే పాత స్టిక్‌ని మొరం మీద ప్రాక్టీస్‌కి ఉంచుకోండి, కొత్తది టర్ఫ్ ఉన్న మ్యాచ్‌లకి. ఇప్పుడు టర్ఫ్ మన దగ్గరా ఉంది. 2023లో కాకినాడలో జాతీయ సీనియర్ మహిళల హాకీ పోటీలు జరిగాయి. టర్ఫ్ మీద మ్యాచ్ ఉందంటే వారం ముందు నుంచే అదే స్టిక్‌తో అలవాటు పడండి.

గోల్‌కీపర్లని మర్చిపోలేదు. చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళి దేశానికి గోల్‌కీపర్‌గా ఆడిన రజని ఎతిమర్పు మన అమ్మాయే. కీపర్ స్టిక్ వేరుగా ఉంటుంది. షాఫ్ట్‌లో ఒకటి రెండు మెలికలు ఉంటాయి, బంతిని అడ్డుకునే చోటు పెరగడానికి. కీపర్ ఒంటి చేత్తో పట్టుకుంటాడు, కాబట్టి అన్నిటికంటే ముందు తేలిగ్గా ఉండాలి. మామూలు ప్లేయర్ల సలహాతో కీపర్ స్టిక్ కొనొద్దు.

ఇప్పుడు షాపులో ఏం చూడాలి. ఒకటి, స్టిక్‌ని తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసి పైకొస నుంచి చూడండి. పక్కకి మెలితిరిగి ఉంటే వద్దు. రెండు, వేలి కణుపుతో షాఫ్ట్ పొడవునా తట్టండి. కొబ్బరికాయ కొనేటప్పుడు తట్టి వింటాం కదా, అలాగే. చప్పుడు అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట బోలుగా, ఒకచోట పగిలినట్టు వస్తే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. మూడు, బొటనవేలితో అంచులు తడమండి, గరుకు, పగులు ఉండకూడదు. చెక్క స్టిక్ అయితే చెక్కలోని గీతలు హెడ్ వంపుతో పాటే తిరిగాయా చూడండి. వంపుని అడ్డంగా కోసుకుంటూ పోయే గీతలుంటే అక్కడే చీలుతుంది. నాలుగు, పట్టు. గ్రిప్ మీద చెయ్యి చుడితే వేళ్ళు హాయిగా మూసుకోవాలి. లావుగా ఉంటే మణికట్టు తిరగదు. కానీ గ్రిప్ నచ్చలేదని మంచి స్టిక్ వదిలెయ్యకండి, గ్రిప్ మార్చడం కొద్ది డబ్బుతో అయ్యే పని.

అయిదు, స్టిక్కర్‌ని నమ్మొద్దు. తొంభై శాతం కార్బన్ అని రాసి రెండు వేలకి అమ్ముతున్నారంటే ఒక్క క్షణం ఆగండి. శాతం ఎంతో మనం కంటితో చూసి చెప్పలేం. బో ఎన్ని మిల్లీమీటర్లు, కొస నుంచి ఎంత దూరంలో, బరువు ఎన్ని గ్రాములు, ఇవి రాసి ఉన్న స్టిక్‌నే తీసుకోండి, ఎందుకంటే వీటిని మనం స్కేలుతో, కిరాణా కొట్టు కాటాతో సరిచూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి, కవర్ చింపకముందే టేబుల్ మీద పెట్టి కొలవండి. దేశంలో స్టిక్‌ల తయారీకి జలంధర్, మీరట్ పేరున్న ఊళ్ళు. 1947 విభజన సమయంలో సియాల్‌కోట్ నుంచి వచ్చిన పనివాళ్ళ చేతుల్లో అక్కడ ఈ పని పెరిగింది. అక్కడ చేసిన మంచి మామూలు స్టిక్‌లు ఉన్నాయి. విదేశీ పేరు ఉంటేనే మంచిది అన్న లెక్క పెట్టుకోకండి.

డబ్బు సంగతి. స్టిక్‌లు తక్కువ ధరవీ ఉన్నాయి, చాలా ఖరీదైనవీ ఉన్నాయి. మీ దగ్గర నాలుగు వేలున్నాయనుకోండి. నాలుగు వేలూ స్టిక్‌కే పెట్టకండి. ముందు షిన్ గార్డులు, పళ్ళకి మౌత్ గార్డ్ కొనండి, మిగిలినదానితో స్టిక్. స్టిక్ కాస్త తక్కువదైతే ఆట కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. మోకాలి కింద ఎముక విరిగితే సీజన్ మొత్తం పోతుంది, ఆ పైన ఇంట్లో వాళ్ళు మళ్ళీ గ్రౌండ్‌కి పంపరు. చాలామంది ఆడపిల్లల ఆట అలా ఆగిపోతుంది. దెబ్బ చిన్నదే అయినా, ఇంక చాలు అనే మాట పెద్దది. అందుకని గార్డుల డబ్బుని స్టిక్‌లోకి మళ్ళించొద్దు.

కొన్నాక కాపాడుకోవడం. ఎండలో నిలబెట్టిన బండిలో, కార్ డిక్కీలో స్టిక్ వదిలెయ్యొద్దు, వేడికి రెజిన్ దెబ్బతింటుంది. తడి టర్ఫ్ మీద ఆడాక గుడ్డతో తుడవండి. చెక్క స్టిక్ హెడ్‌కి అప్పుడప్పుడు అవిసె నూనె రాసి ఆరబెడితే తేమ పీల్చదు. కాంపోజిట్ స్టిక్ విరిగితే టేప్ చుట్టి ఆడటానికి ప్రయత్నించకండి. విరిగిన కార్బన్ పోగులు సూదుల్లా ఉంటాయి, చేతిలో దిగితే తీయడం నరకం. అక్కడితో ఆ స్టిక్‌కి దండం పెట్టెయ్యండి.

ఇప్పుడు చెప్పినట్టే ఐస్ హాకీ. అమెరికా, కెనడాలో ఉన్న మన పిల్లలు చాలామంది రింక్‌లో ఆడుతున్నారు. అక్కడ కర్ర షాఫ్ట్, బ్లేడ్ అని రెండు భాగాలు, కొన్ని విడివిడిగా కూడా అమ్ముతారు. పొడవు స్కేట్స్ లేకుండా ముక్కు దాకా, స్కేట్స్‌తో గడ్డం దాకా. షాఫ్ట్ మీద ఫ్లెక్స్ అని ఒక అంకె ఉంటుంది, ఎంత వంగుతుందో చెప్పేది. మొదలుపెట్టడానికి మీ బరువు పౌండ్లలో సగం తీసుకోండి. వంద పౌండ్ల పిల్లాడికి 50 ఫ్లెక్స్. షాఫ్ట్ కోసి పొట్టి చేస్తే అది ఇంకా బిర్రెక్కుతుంది, ఆ లెక్క మర్చిపోకండి. అక్కడ ఎడమ, కుడి వేర్వేరు, బ్లేడ్ వంపు కూడా వేర్వేరు. లై అనే ఇంకో అంకె షాఫ్ట్‌కీ బ్లేడ్‌కీ మధ్య కోణం. ఆడాక బ్లేడ్ కింది టేప్ చూడండి. మడమ వైపు అరిగితే తక్కువ లై, కొస వైపు అరిగితే ఎక్కువ లై కావాలి. ఆట వేరైనా సూత్రం మాత్రం ఇదే, పిల్లాడు గట్టిగా ఒత్తినా వంగని షాఫ్ట్ వాడికి పనికిరాదు.

సరే ఫ్రెండ్స్, ఒకసారి కూడదీసుకుందాం. కొత్తగా మొదలుపెట్టి, స్కూల్ గ్రౌండ్‌లో ఆడుతున్నారా? తుంటి దాకా వచ్చే పొడవు, తేలిక బరువు, నలభై లోపు కార్బన్ లేదా మంచి చెక్క, స్టాండర్డ్ బో, మిడి హెడ్. జిల్లా టీమ్‌కి ఆడుతూ వారంలో కొన్ని రోజులు టర్ఫ్ దొరుకుతుందా? యాభై నుంచి డెబ్బై కార్బన్, మిడ్ బో, ఫార్వర్డ్ అయితే షార్టీ గానీ మిడి గానీ, డిఫెండర్ అయితే మాక్సి. టీమ్‌లో డ్రాగ్ ఫ్లిక్ మీరే వేస్తారా? అప్పుడు లో బో, దాంతోపాటు మామూలుగా కొట్టడం మళ్ళీ మొదటి నుంచి ప్రాక్టీస్.

హైదరాబాద్ నుంచి వెళ్ళిన ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు. మన గ్రౌండ్ల నుంచి అంత దూరం వెళ్ళొచ్చని దానికంటే రుజువు ఏం కావాలి? రేపు గ్రౌండ్‌కి వెళ్ళినప్పుడు కొత్త స్టిక్ కొనకముందే మీ టీమ్‌లో నలుగురి స్టిక్‌లు అడిగి తీసుకోండి. ఒక్కోదానితో పది నిమిషాలు ఆడండి. ఏది పట్టుకున్నప్పుడు స్టిక్ గురించి మర్చిపోయి బంతినే చూశారో గుర్తుపెట్టుకోండి. దాని పొడవు, బరువు, బో, హెడ్ ఒక కాగితం మీద రాసుకుని మీ పీఈటీ సార్‌కి చూపించండి, ఆ తర్వాతే షాపుకి వెళ్ళండి.

ఈ ఎపిసోడ్ పనికొస్తుందనిపిస్తే మీ టీమ్ గ్రూప్‌లో పంపండి, ముఖ్యంగా ఈ నెలలో స్టిక్ కొనబోతున్నవాళ్ళకి. మళ్ళీ కలుద్దాం. షిన్ గార్డులు మర్చిపోకండి. ఉంటాను, నమస్తే.